జుర్మానా కట్టినంక

మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో పని చేస్తానంటే అందరూ ముందుగా ఘాటు గురించే అడిగేవారు. ఘాటుకు నేను పది రోజుల్లో అలవాటు పడ్డాను. నన్ను భయపెట్టింది మిషన్ రూంలోని గ్యాసు.

మా నాన్న కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. నేను డిగ్రీ పూర్తి చేసి, పెళ్ళయ్యాక మడికొండ వైపు అద్దె ఇంట్లోకి వచ్చి, ఇంటికి దగ్గరని ఆ కంపెనీలో క్లర్కుగా చేరాను. కంపెనీ మన దిక్కుది కాదు. దాని హెడ్డాఫీసు వేరే రాష్ట్రంలో, ఇలాంటి గోదాములు దేశంలో చాలాచోట్ల ఉన్నాయి. కంపెనీ పెద్దలను మేము చూసింది ఆఫీసు గోడకు ఉన్న ఫొటోలోనే. మాకు కంపెనీ అంటే మేనేజర్ సారే.

గోదాములను చల్లగా ఉంచేది అమ్మోనియా గ్యాసు. మిషన్ రూం నుంచి పైపుల్లో పోయి, గదులన్నీ చుట్టి, మళ్ళీ వెనక్కి వస్తుంది. పైపులో ఉన్నంతసేపు ఏం కాదు. బయటికి వస్తే మాత్రం కళ్ళు, ముక్కు, గొంతు దేన్నీ వదలదు. నా పని ఏమిటంటే, గంటగంటకూ మిషన్ రూం కిటికీ దగ్గరికి పోయి, లోపలున్న ఆపరేటర్ చెప్పిన ప్రెషర్, టెంపరేచర్ లాగ్‌బుక్కులో రాయడం. ఆ ఆపరేటర్‌ది హసన్‌పర్తి వైపు పల్లె. యాభై ఐదేళ్ళుంటాయి. అందరూ కాక అనే పిలిచేవాళ్ళు. నన్ను బిడ్డా అనేవాడు. అంకెలతోపాటు ఆయన చెప్పిన మాటలు కూడా రాసేదాన్ని. "రెండో నంబర్ వాల్వ్ కాడ వాసనొస్తాంది, మార్చాలె అని రాయి బిడ్డా" అనేవాడు. రాసేదాన్ని. సాయంత్రం మేనేజర్ సారు పేజీ కింద పొట్టి సంతకం చేసేవాడు. మర్నాడు మళ్ళీ అదే మాట, అదే సంతకం.

ఎండాకాలం మొదట్లో, మిర్చి బస్తాలు లారీల మీద లారీలు వస్తున్న రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఆ వాల్వ్ తెగింది.

నేను అప్పుడే టిఫిన్ డబ్బా కడుక్కొని సీట్లో కూర్చున్నాను. ముందు కళ్ళు మండాయి. కారం పడిందేమో అనుకొని కొంగుతో తుడుచుకున్నాను. ఆ తర్వాత ముక్కులో సూదులు దించినట్టయింది. కాక అరుపు వినిపించింది. "గ్యాస్ లీకైతాంది! బయటికి ఉర్కుండ్రి! గాలొచ్చే దిక్కుకు ఉర్కుండ్రి!"

లేచాను. తలుపు ఎటుందో నాకు తెలుసు. మూడేళ్ళుగా రోజూ దాటిన తలుపు. అయినా కనపడలేదు. కళ్ళు తెరిస్తే మంట, మూస్తే చీకటి. ఊపిరి పీల్చుకోబోతే గొంతు దానంతటదే మూసుకుపోయింది. ఊపిరి రాకపోవడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది నాకు. నొప్పి కాదు అది. లోపల ఎవరో తలుపు గడియ పెట్టినట్టు ఉంటుంది. గోడ పట్టుకొని, బల్ల తగిలి పడి, మోకాళ్ళ మీద పాకుతూ వాకిట్లోకి వచ్చాను. ఎవరో నా మీద బకెట్‌తో నీళ్ళు కుమ్మరించారు.

బయట వేపచెట్టు కింద హమాలీలు, లారీ డ్రైవర్లు, కాయలు ఏరే ఆడవాళ్ళు దగ్గుతూ కూలబడ్డారు. ఆ ఆడవాళ్ళ ముఠాకు ఒక మేస్త్రి ఉండేది. నాకన్నా ఐదారేళ్ళు పెద్ద, అక్క అనేదాన్ని. ఆమె గొంతెత్తి పిలిస్తే నాలుగు షెడ్ల అవతల కూడా వినపడేది. ఆ గొంతుతో ఆమె తన మనుషులను లెక్క పెడుతోంది. ఇద్దరు తగ్గారు. చన్నీళ్ళలో ముంచిన చీర కొంగు మూతికి చుట్టుకొని ఆమె లోపలికి పోయింది. "వద్దక్కా" అని అన్నానో, అనాలనుకున్నానో ఇప్పటికీ నాకు తెలియదు. ఇద్దర్నీ చెరో రెక్క పట్టుకొని ఈడ్చుకొచ్చింది. వాళ్ళను చెట్టు కింద వదిలి తాను పడిపోయింది. అదే సమయానికి కాక తడి గోనెసంచి నెత్తిన కప్పుకొని, పొట్ట మీద పాకి, గ్యాసు లైను మూసేశాడు.

అందర్నీ దవాఖానకు తీసుకుపోయారు. ఎవరూ చనిపోలేదు. అక్క నెల రోజులకు ఇంటికొచ్చింది. చూడ్డానికి పోతే మంచం మీద లేచి కూర్చుంది. నన్ను చూసి నోరు తెరిచింది. గాలి తప్ప మాట రాలేదు. గొంతు లోపలంతా కాలిపోయిందట. ఆమె చెల్లెలు పక్కన కూర్చొని పెదవులు చూసి మాకు చెప్పింది. "మా ముఠాల అందరు మంచిగున్నరా అని అడుగుతాంది."

అధికారులు వచ్చారు, కొలతలు తీసుకున్నారు, ఫొటోలు తీశారు. కంపెనీకి జుర్మానా వేశారు. పేపర్లో పెద్దగానే వచ్చింది. మా ఆయన ఆ పేపరు నా ముందు పెట్టి "సూసినవా, గట్టిగనే ఏసిండ్రు. ఇగ బుద్ధొస్తది" అన్నాడు. నేనూ నమ్మాను. ఎందుకంటే మాకు తెలిసిన జుర్మానా అలాంటిదే. అంతకుముందు ఏడాది హెల్మెట్ లేదని మా ఆయన బండికి చలానా పడింది. అప్పటి నుంచి సందు చివరి కొట్టుకు పోవాలన్నా హెల్మెట్ పెట్టుకొనే పోతాడు.

వారం తిరగకుండా హెడ్డాఫీసు నుంచి ఒక కవరు వచ్చింది. విప్పి ఫైల్లో పెట్టమని మేనేజర్ సారు నాకిచ్చాడు. అందులో ఒక ఫారం ఉంది. పైన 'జరిమానా చెల్లింపునకు అనుమతి' అన్న అర్థం వచ్చేలా ఇంగ్లీషులో అచ్చు వేసి ఉంది. కింద గీతలు. ప్లాంటు ఉన్న ఊరు, తేదీ, కారణం. కారణం పక్కన చిన్న చిన్న డబ్బాలు: గ్యాసు, నిప్పు, మురుగునీరు, కూలీల ప్రమాదం, ఇతరములు. గ్యాసు డబ్బాలో ఎవరో టిక్ పెట్టారు.

ఆ కాగితం రెండుసార్లు చదివాను. అక్క గొంతు ఆ డబ్బాలో టిక్కై కూర్చుంది. మా దగ్గర లీకవక ముందే, ఏ ఊళ్ళో లీకవుతుందో తెలియక ముందే, కంపెనీ ఆ ఫారం అచ్చు వేయించి పెట్టుకుంది. ప్రమాదం కన్నా ఆ ఫారానికే నేను ఎక్కువ భయపడ్డాను. ప్రమాదం ఒకసారి జరిగిపోయింది. ఇంకా ఖాళీ ఫారాలు ఎన్ని ఉన్నాయో ఎవరికి తెలుసు?

మేనేజర్ సారు మాత్రం తేలిగ్గా ఉన్నాడు. ఆయనది చెడ్డ మనసని చెప్పలేను. మా పాప ఎట్లా చదువుతోందని అడిగేవాడు. ఆ రోజు అందరికీ టీ చెప్పి, "కట్టేశాం కదమ్మా. చట్టం ప్రకారం ఇక మన మీద ఏమీ లేదు. అందరూ పనిలో పడండి" అన్నాడు.

కాక తాగని టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు. "సార్, మరి వాల్వ్‌లు? పైపులు? ఒక్క వాల్వ్ మారిస్తే అయితదా, అన్ని గట్లనే ఉన్నయి."

"అవి మార్చాలంటే ఇరవై రోజులు ప్లాంటు ఆపాలి. సీజన్‌లో ఎవరు ఒప్పుకుంటారు? పైకి రాశాను. జరిమానా అయితే ఒక్కరోజు పని. ప్లాంటు ఆపితే..." అని సారు మాట మధ్యలో ఆపేశాడు. కానీ అర్థం కానిదేమీ మిగల్లేదు.

ఆ తర్వాత ఆరు నెలలు నేను ఎట్లా పని చేశానో చెప్పలేను. గంటగంటకూ కిటికీ దగ్గరికి పోయేముందు ఊపిరి బిగబట్టేదాన్ని. ఆఫీసులో నా కుర్చీని తలుపు పక్కకు జరుపుకున్నాను. చెప్పుల బదులు బూట్లు వేసుకునేదాన్ని, ఉరకాల్సి వస్తే జారకుండా. కొంగు బరువనిపించి చుడీదార్లకు మారాను. ఇంటికొచ్చాక జుట్టు వాసన చూసుకునేదాన్ని. మా పాపను దగ్గరికి తీసుకోవాలన్నా ముందు స్నానం చేసేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున వంటింట్లో పోపు వేస్తుంటే ఆ వాసన వచ్చింది. అదే. గిన్నె పొయ్యి మీదే వదిలేశాను. పాపను సంకనెత్తుకొని, మెట్లు దిగి, రోడ్డు దాటి, అవతలి ఖాళీ ప్లాట్లో పోయి నిలబడ్డాను. పాపకు ఎనిమిదేళ్ళు. నా మెడ పట్టుకొని ఏడుస్తోంది. మా ఆయన వెనకాలే ఉరికొచ్చాడు. తల నిండా నల్లటి రంగు, భుజం మీద పాత తువ్వాలు. జుట్టుకు వేసుకునే రంగులో కూడా ఆ అమ్మోనియానే ఉంటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. రోడ్డు మీదే నా చెయ్యి పట్టుకున్నాడు. "మానెయ్ ఆ నౌకరి" అన్నాడు. ఆయనకు అప్పుడు పని సరిగా లేదు. పాప ఫీజు, ఇంటి కిరాయి నా జీతం మీదే నడిచేవి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు కాబట్టి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

వానాకాలం చివర్లో రెండోసారి లీకయింది. చిన్నది. పొద్దున షిఫ్టు ఇంకా మొదలవ్వలేదు. ఎవరికీ ఏం కాలేదు, కానీ వాసన పక్క కాలనీ దాకా పోయింది. అక్కడి వాళ్ళు పిల్లలను ఎత్తుకొని రోడ్డు మీదికొచ్చారు. ఈసారి వేరే అధికారి వచ్చింది. కొత్తగా బదిలీ అయి వచ్చిన మేడం. సన్నగా, కళ్ళజోడు పెట్టుకొని, ఎక్కువ మాట్లాడకుండా ప్రతి వాల్వ్ దగ్గరా ఆగి చూసింది. మేనేజర్ సారు వెంట నడుస్తూ "మేడం, ఎంత వేసినా కట్టేస్తాం, మా కంపెనీ చట్టానికి ఎప్పుడూ సహకరిస్తుంది" అన్నాడు.

మేడం ఆగింది. "కడతారని తెలుసు. పోయినసారీ కట్టారు. నాకు ఈసారి డబ్బు కాదు, పేరు కావాలి. ఈ ప్లాంటులో భద్రతకు బాధ్యులెవరు? ఆ మనిషి మీద కేసు పెడతాను."

నేను లాగ్‌బుక్కు పట్టుకొని పక్కనే ఉన్నాను. సారు మొహంలో రంగు మారడం అదే మొదటిసారి చూశాను. జుర్మానా అన్నప్పుడు చెదరని మనిషి పేరు అనేసరికి జేబు రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "హెడ్డాఫీసును అడిగి రాతపూర్వకంగా ఇస్తాను మేడం" అన్నాడు. మేడం వారం గడువిచ్చింది.

మూడో రోజు సారు నన్ను గదిలోకి పిలిచాడు. కూర్చోమన్నాడు. ఆ గదిలో నన్ను ఎప్పుడూ కూర్చోమన్నది లేదు.

"నీకు శుభవార్తమ్మా. ఇన్నేళ్ళుగా రికార్డు అంతా చక్కగా రాస్తున్నావు. హెడ్డాఫీసు నిన్ను సేఫ్టీ ఇన్‌చార్జిగా ప్రమోట్ చేసింది. జీతం పెరుగుతుంది. ఇక్కడ సంతకం పెట్టు."

సంతోషం ఒక్క క్షణం కలిగింది. అబద్ధం చెప్పను. పాప ఫీజు గుర్తొచ్చింది. పెన్ను తీసుకున్నాను. సంతకం కింద తేదీ వేద్దామని చూస్తే అక్కడ తేదీ ముందే అచ్చు వేసి ఉంది. రెండో లీకుకు రెండు వారాల ముందు తేదీ.

లీకయిన రోజు నేను ఆ ప్లాంటుకు బాధ్యురాలినని ఆ కాగితం చెబుతోంది. గొంతు మూసుకుపోయింది, ఆ మధ్యాహ్నం మూసుకుపోయినట్టే. గదిలో గ్యాసు లేదు, ఏసీ చల్లగా నడుస్తోంది.

"సార్... ఇంటికి పోయి మా ఆయనకు చూపెట్టి రేపు తెస్త" అన్నాను.

"దాన్లో చూపించాల్సిందేముందమ్మా" అన్నాడు. ఆ కాగితం మాత్రం చేతికివ్వలేదు. "రేపు పొద్దునకల్లా చెప్పు. లేకపోతే వాళ్ళు వేరే వాళ్ళను చూసుకుంటారు. అప్పుడు నీ పోస్టు ఉంటుందో ఉండదో నేను చెప్పలేను" అన్నాడు. బెదిరింపులా అనలేదు. జాలిగా అన్నాడు. అదే ఇంకా భయం వేసింది.

బయటికొచ్చి తిన్నగా మిషన్ రూం కిటికీ దగ్గరికి పోయాను. కాకకు చెప్పాను. ఆయన నూనె చేతులు పాత గుడ్డకు తుడుచుకుంటూ విన్నాడు.

"నాకు మొన్ననే ఇచ్చిండు బిడ్డా ఆ కాయితం. నాకు సదువు రాదు, మా బిడ్డకు చూపెట్టినంక సంతకం పెడ్త అన్న. అందుకే నీ దిక్కు మళ్ళిండ్రు."

"ఏం చేద్దాం కాకా? నాకు భయమైతాంది. జైలంట. నాకు పాపున్నది."

"నాగ్గూడ భయమే. కాని నువ్వు రాసిన బుక్కులున్నయి గద. వాల్వ్ మార్చాలె అని నేను చెప్పిన, నువ్వు రాసినవు, సారు సంతకం పెట్టిండు. అవి ఉన్నన్ని రోజులు మనకు ఫికర్ లేదు. అవి లేకుంటనే కష్టం."

ఆ మాటతో నాకు ఇంకో భయం పట్టుకుంది. ఆ బుక్కులు ఎంతసేపుంటాయి? అవి ఆఫీసు బీరువాలో ఉన్నాయి. తాళంచెవి సారు దగ్గరా ఉంది, నా దగ్గరా ఉంది. ఆ మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయినప్పుడు బీరువా తెరిచి, మొదటి లీకుకు ముందు ఆరు నెలల బుక్కులు, తర్వాతి బుక్కులు తీసి టిఫిన్ సంచిలో పెట్టుకున్నాను. దొంగతనమే. గేటు దగ్గర వాచ్‌మన్ "ఏందమ్మా ఇంత జల్ది పోతానవ్?" అన్నాడు. "పాపకు జరం" అన్నాను. ఆటోలో కూర్చున్నాక కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఎవరైనా వస్తున్నట్టు కనపడితే సంచి విసిరేసి దిగిపోతానని నాకు నేనే భయపడ్డాను.

ఇంటికి పోలేదు. పోతే ఇక ధైర్యం ఉండదని తెలుసు. హనుమకొండలో ఆ మేడం ఆఫీసు ఎక్కడుందో అడుగుతూ అడుగుతూ పోయాను. బయట బెంచీ మీద గంటసేపు కూర్చోబెట్టారు. రెండుసార్లు లేచి వెళ్ళిపోబోయాను. ఒకసారి గేటు దాకా పోయి వెనక్కి వచ్చాను. లోపలికి పిలిచాక సంచి మేడం బల్ల మీద పెట్టి, టిఫిన్ డబ్బా తీసి పక్కన పెట్టి, బుక్కులు ఒక్కొక్కటీ ముందుకు జరిపాను.

ఆమె పేజీలు తిప్పింది. చాలాసేపు తిప్పింది. "ఇవి మీరే రాశారా?"

"నేనే రాసిన మేడం. చెప్పింది కాక. సంతకం సార్‌ది."

"మీకు ఉద్యోగం పోతుందని తెలుసా?"

"తెలుసు."

"భయం లేదా?"

"మస్తు భయమున్నది మేడం" అన్నాను. అప్పుడు ఏడుపు వచ్చింది. ఆమె నీళ్ళ గ్లాసు జరిపి, బుక్కులు తీసుకున్నట్టు ఒక కాగితం రాసి, ముద్ర వేసి ఇచ్చింది.

మర్నాడు నన్ను గేటు దగ్గరే ఆపేశారు. నౌకరి పోయింది. నాలుగో రోజు మేడం మనుషులు వచ్చి మిషన్ రూంకు సీలు వేశారు. పైపులన్నీ మార్చి, మళ్ళీ పరీక్ష చేయించి, అనుమతి తెచ్చుకునే దాకా నడపకూడదని రాసి గేటుకు అంటించారు. లోపలి మిర్చిని లారీల్లో వేరే గోదాములకు తరలించాల్సి వచ్చింది. అంతకుముందు ఇరవై రోజులు ఆపలేమన్న ప్లాంటు నలభై రోజులు ఆగింది. పైపులు, వాల్వ్‌లు అన్నీ కొత్తవి వేశారని కాక ఫోన్ చేసి చెప్పాడు. వాసన పసిగట్టే మిషన్లు కూడా పెట్టారట. "తోమిన గిన్నె లెక్క కొత్త లైను మెరుస్తాంది బిడ్డా" అని చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నాకు నిద్ర పట్టింది.

కేసు ఇద్దరి మీద పెట్టారు. ఒకటి మేనేజర్ సారు పేరు. రెండోది గోడ మీది ఫొటోలో ఉన్న ఒక డైరెక్టర్ పేరు. నేను మళ్ళీ కొత్తవాడకు దగ్గరలో జంపఖానాలు అమ్మే సొసైటీలో చిన్న పనికి కుదిరాను. జీతం తక్కువ. పాపను వేరే బడికి మార్చాం. అక్కకు కంపెనీ కొంత పరిహారం ఇచ్చింది, ఆ డబ్బుతో ఆమె చెల్లెలు ఇంటి ముందు కూరగాయల కొట్టు పెట్టుకుంది. అక్క బేరానికి వచ్చిన వాళ్ళకు వేళ్ళతో ధర చూపెడుతుంది.

సాక్ష్యం చెప్పడానికి నాకు కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. ఎర్రటి ముద్ర చూసి మా అత్తమ్మ దేవుడి దగ్గర పెట్టింది. ఆ రోజు పొద్దున నాకు అన్నం దిగలేదు. కోర్టు వరండాలో బెంచీ మీద మేనేజర్ సారు ఒక్కడే కూర్చొని ఉన్నాడు. బక్కచిక్కాడు. కంపెనీ ఆయన్ని ఎప్పుడో తీసేసిందని అక్కడే తెలిసింది. డైరెక్టర్ తరఫున ముగ్గురు వకీళ్ళు వచ్చారు, ఆయన రాలేదు. పై కోర్టుకు పోయి తన మీది కేసు ఆపుకునే ఉత్తర్వు తెచ్చుకున్నాడట. సారుకు ఒక కుర్ర వకీలు ఉన్నాడు, అతణ్ణీ సొంత డబ్బుతోనే పెట్టుకున్నాడు.

నేను దూరంగా నిలబడ్డాను. ఆయనే చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

"నేను పైకి ఏడుసార్లు రాశానమ్మా" అన్నాడు. "పైపులు మార్చమని. ఆ ఉత్తరాలు నేనూ దాచుకొని ఉండాల్సింది."

"నా పేరెందుకు రాయించబోయిండ్రు సార్?" అని అడిగాను. ఏడాదిగా అడగాలనుకున్న మాట అది.

ఆయన తల దించుకున్నాడు. "భయమేసిందమ్మా" అన్నాడు.

లోపలి నుంచి బంట్రోతు ఆయన పేరు పిలిచాడు, తండ్రి పేరుతో సహా, మూడుసార్లు. సారు లేచి చొక్కా సర్దుకొని లోపలికి పోయాడు. డైరెక్టర్ పేరు పిలవలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకొని, తర్వాత నన్ను పిలుస్తారని తెలిసి, నేను అక్కడే కూర్చున్నాను.